నుంగంబాకంలో మా పెదనాన్న

హార్డు కోర్టు అంటే ఏమిటన్న విషయం మీద మా పెదనాన్నకూ నాకూ చాలా ఏళ్ళు తగాదా నడిచింది. ఆయన చదువు మూడో తరగతి. నేను తెలుగులో ఎం.ఏ. ప్యాసై, నరసరావుపేటలో కాలేజీ కుర్రాళ్ళకు ఛందస్సు చెప్పుకుంటున్నవాణ్ణి. కనుక సహజంగానే నేను రైటు, ఆయన తప్పు అనుకుంటూ వచ్చాను. ఆ తగాదా తీర్చుకోవడానికే అని చెప్పలేను గాని, 2017 జనవరిలో ఇద్దరం కలిసి చెన్నపట్నం వెళ్ళి, అక్కడ జరిగే మగవాళ్ళ టెన్నిస్ టోర్నమెంటు చూసివచ్చాం. ఆ ప్రయాణం సంగతి ఇది.

పల్నాడు అనగానే పాఠకులకు కారెంపూడి, నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపోరు జ్ఞాపకం వస్తాయి. కోడి ఓడిపోయిన పాపానికి ఏడేళ్ళు వలసపోయిన వాళ్ళ కథ పుట్టిన సీమ మాది. ఆటలో గెలుపోటములకు ఇంత ఖరీదు కట్టినవాళ్ళు లోకంలో అరుదు. ఆ తరువాత గుర్తుకొచ్చేవి మిరపకాయలు, మాచర్ల నాపరాళ్ళు, పిడుగురాళ్ళ సున్నం. టెన్నిసు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కాని ఇంగ్లీషువాళ్ళ నాటినుంచీ మన తాలూకా ఊళ్ళలో తాసిల్దారు, మునసబు, డాక్టరు, నలుగురు ప్లీడర్లు సాయంత్రంపూట చేరడానికి ఒక క్లబ్బు, ఆ క్లబ్బు వెనక ఒక టెన్నిస్ కోర్టు ఉండడం ఆనవాయితీ. పల్నాటి ఊళ్ళలో అటువంటి ఒకదానిలో మా పెదనాన్న నలభై ఏళ్ళు మార్కరుగా పనిచేశాడు. ఊరి పేరు, క్లబ్బు పేరు ఎందుకులెండి.

మార్కరు అంటే తెలియనివారి కోసం ఒక మాట. ఆటలో ఎవరికెన్ని పాయింట్లు వచ్చాయో గుర్తుపెట్టేవాడని ఆ పేరు వచ్చి ఉంటుంది. కాని గుర్తుపెట్టడం ఆయన పనుల్లో పదోవంతు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కోర్టుకు నీళ్ళు చల్లడం, రోలరు లాగడం, వల కట్టడం, సాయంత్రం ఆఫీసర్లు వచ్చాక ఒకరు తక్కువైతే నాలుగోవాడుగా దిగి ఆడడం, ఎవరూ తక్కువ కాకపోతే బంతులు ఏరడం, మధ్యలో సోడా తేవడం, చీకటి పడ్డాక వల విప్పి మడతపెట్టడం. కొత్తగా వచ్చిన జూనియర్ ప్లీడర్లకు రాకెట్టు పట్టడం నేర్పేది కూడా ఆయనే.

ఆ కోర్టు వేయడమూ ఒక విద్య. మా నల్లరేగడి నేల టెన్నిసుకు బొత్తిగా పనికిరాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేటంత బీటలిస్తుంది. అందుచేత రెండడుగుల లోతున ఆ మట్టి తవ్వి పారబోసి, అడుగున రాళ్ళు, రాళ్ళ మీద మొరం, మొరం మీద జల్లెడ పట్టిన ఎర్రమన్ను పోసి, తడిపి, రాతి రోలరు లాగేవారు. ఇద్దరు మనుషులు లాగితే గాని కదలని రోలరు అది. పైన పేడనీళ్ళతో అలికితే బంతి సమంగా లేచేది, దుమ్ము అణిగేది. ఇది మా ఊరి వింత కాదు. దక్షిణదేశంలో చాలా కోర్టులు ఇలా అలికినవే. గీతలకు పిడుగురాళ్ళ సున్నం. దాన్ని పలచగా కలిపి, గుడ్డలో వడగట్టి, తాడు బిగించి దాని వెంట పోసేవాడు. ఆ తాడు మా పెదనాన్న ప్రాణం. కోర్టు పొడవు డెబ్బై ఎనిమిది అడుగులు, ఇద్దరు ఆడితే వెడల్పు ఇరవై ఏడు, నలుగురు ఆడితే ముప్పై ఆరు, వలనుంచి సర్వీసు గీతకు ఇరవై ఒకటి. ఇవన్నీ ఆ తాడు మీద ముడులై ఉండేవి. అంకెలు వ్రాయడం రాకపోయినా ఆయనకు కొలత ఎప్పుడూ తప్పలేదు.

ఈ పేడ అలికిన ఎర్రమట్టి కోర్టునే ఆయన “మా హార్డు కోర్టు” అనేవాడు. పాతకాలపు ఆఫీసర్లు అలాగే అనేవారట. “కాదు పెదనాన్నా, అది మట్టి కోర్టు. హార్డు కోర్టు అంటే సిమెంటుదో తారుదో గట్టి నేల వేసి, పైన రంగు పూసేది” అని నేను పేపర్లో చదివి చెప్పేవాణ్ణి. “మాదీ గట్టిదేరా. కావాలంటే ఒకసారి పడి సూడు” అనేవాడు.

ఏటా వేసవిలో ఆ క్లబ్బులో పోటీలు జరిగేవి. గుంటూరునుంచి, బెజవాడనుంచి ఆటగాళ్ళు వచ్చేవారు. వారం ముందునుంచే మా పెదనాన్నకు నిద్ర ఉండేది కాదు. కాని ఆ పోటీల్లో ఆయన పేరు ఒక్కసారి కూడా ఎక్కలేదు. జీతం తీసుకొని ఆడేవాడు పెద్దమనుషుల పోటీకి పనికిరాడు. అది రూలు. క్లబ్బు మెంబర్లలో ఆయనతో సరిగా పది పాయింట్లు ఆడగలిగినవాడు లేడని అందరికీ తెలుసు. రూలు మాత్రం రూలే.

నేను ఇంకొక సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటవేద్దామని రెండు మూడు సార్లు కలం ఆపాను. మా నాన్నగారు నా చిన్నతనంలోనే పోయారు. నన్ను చదివించింది మా పెదనాన్న. ఇంటర్మీడియట్ చదువుతుండగా ఒకసారి స్నేహితుడితో క్లబ్బు ప్రహరీ పక్కగా పోతున్నాను. లోపల బంతులు ఏరుతున్న మనిషి నన్ను చూసి చెయ్యి ఊపాడు. “ఎవరతను?” అన్నాడు స్నేహితుడు. “మా ఊరివాడు” అన్నాను నేను. గోడ ఎత్తు నడుముదాకానే. మధ్యన దూరమూ ఎక్కువ లేదు. ఆ నెలలోనే ఆయన నా పరీక్ష ఫీజు కట్టాడు. ఆ మాట విన్నాడో లేదో ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.

తరువాత క్లబ్బులో టెన్నిసు తగ్గింది. చీట్లపేక నిలబడింది. మా పెదనాన్న పొలం గట్టుకు చేరి, సాయంత్రాలు టెలివిజన్‌లో టెన్నిసు చూస్తూ ఉండేవాడు. 2016 చివర ఒకనాడు, “మన చెన్నపట్నంలోనే ఆడతన్నారంటగా. జీతానికి ఆడేవాళ్ళను ఒక్కసారి సూడాలిరా” అన్నాడు. ఆయన నన్ను ఏదైనా కావాలని అడగడం నాకు తెలిసి అదే మొదలు.

ఆ టోర్నమెంటు వెనక కథ కొంత చెప్పుకోవాలి. అది 1996లో ఢిల్లీలో మొదలైంది. ఆ ఏడు స్వీడన్‌వాడు ఎన్‌క్విస్ట్ గెలిచాడు. మరుసటి ఏడు, 1997లో, చెన్నపట్నం నుంగంబాకానికి వచ్చి ఇరవై ఒక్క ఏళ్ళు అక్కడే నిలిచింది. మొదట దానికి గోల్డు ఫ్లేక్ ఓపెన్ అని పేరు. ఇది విని మా పెదనాన్న నవ్విన నవ్వు ఇంకా జ్ఞాపకం. మా క్లబ్బు దొరలు కాల్చి పారేసిన గోల్డు ఫ్లేక్ పీకలు ఊడ్చిన చెయ్యి గదా ఆయనది. గుంటూరు సీమలో పొగాకు కొనడానికి కంపెనీవాళ్ళు 1912లోనే ఆఫీసు తెరిచారు. వర్జీనియా ఆకు పండించి, బ్యారన్లలో కాల్చి, బేళ్ళు కట్టి పంపింది మన జిల్లా రైతులే. అంటే ప్రపంచ ఆటగాళ్ళకిచ్చిన డాలర్లలో మన గుంటూరు పొగ కొంత ఉన్నదన్నమాట. తరువాత సిగరెట్టు కంపెనీలు ఆటలనుంచి తప్పుకోవడంతో 2002లో టాటావారి పేరు, 2005నుంచి ఊరి పేరే వచ్చి, చెన్నై ఓపెన్ అయింది.

ఊరికే పేరు మారుతూ వచ్చింది గాని, వచ్చిన ఆటగాళ్ళు సామాన్యులు కారు. 1998లో గెలిచిన ఆస్ట్రేలియా రాఫ్టర్ అంతకు ముందటి ఏడే అమెరికా ఛాంపియన్ అయినవాడు. స్విట్జర్లాండ్ వావ్రింకా నాలుగు సార్లు గెలిచాడు. మన పేసు, భూపతి జంట ఐదు సార్లు డబుల్సు గెలిచింది. 2009లో సోమ్‌దేవ్ సింగిల్సు ఫైనలు దాకా వెళ్ళాడు. సింగిల్సులో మనవాడు గెలవడం మాత్రం జరగలేదు. 2008లో నాదల్ సెమీఫైనల్లో తన దేశంవాడే అయిన మోయాతో దాదాపు నాలుగు గంటలు ఆడి, మూడు సెట్లూ టై బ్రేకరుకు పోగా గెలిచి, మర్నాడు ఫైనల్లో రష్యా యూజ్నీ చేతిలో 6–0, 6–1 తేడాతో ఓడిపోయాడు. ఆ రెండు ఆటలూ మా పెదనాన్న టెలివిజన్‌లో చూశాడు. “గెలిచిన ఆటే వాణ్ణి ఓడించింది” అనేవాడు. మన తెలుగుదేశంలో ఆడవాళ్ళ టోర్నమెంటు మాత్రం హైదరాబాదులో కొన్నేళ్ళు జరిగింది. 2005లో సానియా మీర్జా సొంత ఊళ్ళోనే గెలిచి తన మొదటి టైటిలు తెచ్చుకుంది. మగవాళ్ళ పోటీకి మాత్రం మనకు దగ్గర ఊరు చెన్నపట్నమే.

గుంటూరు దాకా బస్సు, అక్కడ రాత్రి బండి. పెద్ద నోట్లు రద్దయి రెండు నెలలే అయింది. చేతిలో ఉన్న రెండువేల నోటుకు చిల్లర ఇచ్చేవాడు దొరక్క, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోరతోనే చెన్నపట్నం చేరాం. అంతకు నెల ముందు, డిసెంబరు 12న, వార్దా తుఫాను ఆ ఊరిమీద పడింది. వీధుల వెంట నరికి పేర్చిన మొద్దులు ఇంకా అలాగే ఉన్నాయి. “మనవైపు చెట్టు పడితే మూడో రోజుకు పొయ్యిలో ఉండేది” అన్నాడు మా పెదనాన్న. ఊరు ఇంత దెబ్బ తిని కూడా జనవరి 2న ఆట మొదలుపెట్టింది.

స్టేడియం నుంగంబాకంలో లేక్ ఏరియా అనే చోట ఉంది. ఒకప్పుడు అక్కడ పెద్ద చెరువు ఉండేది. చెరువు పోయి పేరు మిగిలింది. 1995లో మద్రాసులో దక్షిణాసియా క్రీడలు జరిగినప్పుడు కట్టిన స్టేడియం అది. సుమారు ఆరువేలమంది పడతారు. గేటు దగ్గర సంచీ తనిఖీ చేసే మనిషి మా పెదనాన్న సంచీలోంచి ముడులు వేసిన తాడు ఒకటి బయటికి లాగాడు. నాకు తల తిరిగిపోయింది. “ఇదేమిటి?” అన్నాడు అతను తెలుగులోనే. చెన్నపట్నంలో ఆ సౌకర్యం ఉంది. “కొలతకండీ” అన్నాడు మా పెదనాన్న వినయంగా. అతను తాడునూ, మనిషినీ, నన్నూ మార్చి మార్చి చూసి, నవ్వి, తాడు తమవద్దే ఉంచి పోయేటప్పుడు తీసుకోమన్నాడు.

మెట్లెక్కి పైన కూర్చున్నాం. కింద గొయ్యిలో పరిచిన రంగు చాపలాగా కోర్టు. “అనుపులో కూచున్నట్టుందిరా” అన్నాడాయన. ఆ మాట నాకు తోచనందుకు సిగ్గేసింది. మాచర్ల దగ్గర నాగార్జునకొండ లోయలో, పదిహేడు వందల ఏళ్ళకిందట ఇక్ష్వాకు రాజుల విజయపురిలో, నడుమ నలుచదరపు గచ్చు, నాలుగు పక్కలా మెట్లు ఉన్న రంగస్థలం ఒకటి తవ్వకాల్లో బయటపడింది. సాగరు నీళ్ళు వచ్చి లోయ మునిగిపోబోతుంటే దాన్ని ఇటుక ఇటుకా, రాయి రాయీ తెచ్చి అనుపులో మళ్ళీ నిలబెట్టారు. నడుమ నిలబడి మెల్లగా మాట్లాడినా పై మెట్టుకు వినబడుతుంది. అక్కడ ఏ ఆటలు ఆడారో, ఏ పాటలు పాడారో గాని, చూసేవాడికి మాత్రం పల్నాడు మెట్లు కట్టి పెట్టింది.

పాయింటు మొదలు కాగానే అంతమంది జనం ఒక్కసారి నోరు మూశారు. కోడిపందెం దగ్గర పెరిగిన చెవులకు అది వింతే. బంతి దెబ్బ టెంకాయ పగిలినట్టు వినబడింది. ఆయన మొదటి పది నిమిషాలూ ఆటగాళ్ళవైపు చూడనే లేదు. గీతలు చూశాడు. “డెబ్బై ఎనిమిది” అని తనలో అనుకున్నాడు. తరువాత నేల చూశాడు. నేను అందుకొని, కాంక్రీటో తారో గట్టిగా వేసి, పైన సన్నని ఇసుక కలిపిన రంగు పొరలు పొరలుగా పూస్తారనీ, ఇసుక ఎక్కువైతే బంతి నెమ్మదిస్తుందనీ, తక్కువైతే జారిపోతుందనీ చెప్పాను. ఆయన విని, “మాది పేడ పలచనైతే జారేది. అంతేగా” అన్నాడు. కాసేపాగి, “కాని ఈ నేల సాక్ష్యం చెప్పదురా” అన్నాడు. మట్టి మీద బంతి పడితే గుర్తు పడుతుంది. తగాదా వస్తే మార్కరు వెళ్ళి ఆ గుర్తు మీద వేలు పెట్టి, లోపలో బయటో తేల్చేవాడు. ఇక్కడ ఆ పనికి గీత గీతకూ ఒక మనిషి నిలబడ్డాడు.

ఏడు గేములు కాగానే బంతులన్నీ తీసేసి కొత్తవి తెచ్చారు. ఆ తరువాత ప్రతి తొమ్మిది గేములకూ అంతే. మా పెదనాన్న నిజంగా బాధపడ్డాడు. మా క్లబ్బులో ఒక బంతి నూగంతా రాలి బోడిగుండు అయ్యేదాకా ఆడి, ఆ తరువాత దాన్ని జూనియర్ ప్లీడర్లకు నేర్పడానికి వాడి, ఆపైన ఇంట్లో నాకిచ్చేవాడు.

ఎక్కువసేపు ఆయన చూసింది బంతులు అందించే పిల్లలను. వలదగ్గర ముడుచుకొని కూచుని, పాయింటు కాగానే బాణంలా పోయి, బంతి ఏరి, మళ్ళీ బొమ్మలైపోయే ఆ పిల్లలు. ఆటగాడు చెయ్యి చాపితే తువ్వాలు తెచ్చి ఇస్తున్నారు. చెమట తుడిచి విసిరితే పట్టుకుంటున్నారు. “తువ్వాలు మా దొరలు కూడా అందించమనలేదే” అన్నాడు. మరికాసేపటికి, “ఆ మూల పిల్లాడు బాగా చేస్తన్నాడు. బంతి ఇచ్చేవాడు కనపడకూడదు. వాడు కనపడటల్లా” అన్నాడు. నాకు మాత్రం ఆ తరువాత ఆ పిల్లవాడు తప్ప ఇంకెవరూ కనిపించలేదు.

మేము చూసింది జనవరి 8, ఆదివారం, ఫైనల్సు రోజు. పై వరసలోని క్రొయేషియా చిలిచ్ మొదటి ఆటలోనే, అర్హత పోటీలనుంచి వచ్చిన ఒక స్లొవాకియా అబ్బాయి చేతిలో ఓడి ఇంటికి పోయాడు. ఫైనలుకు మిగిలినవారు స్పెయిన్ బవుతిస్తా అగూత్, రష్యా మెద్వెదెవ్. మెద్వెదెవ్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఈ స్థాయి పోటీలో అదే అతని మొదటి ఫైనలు. చూడడానికి కొబ్బరిచెట్టు లాగా ఉన్నాడు. బవుతిస్తా 6–3, 6–4 తేడాతో గెలిచాడు. ఆ పొడుగు కుర్రాడే 2021లో అమెరికా ఛాంపియనై, 2022లో ప్రపంచంలో మొదటివాడయ్యాడు. అప్పుడు మాకేం తెలుసు? డబుల్సు ఫైనల్లో నలుగురూ మనవాళ్ళే. బోపన్న, జీవన్ కలిసి పూరవ్ రాజా, దివిజ్ శరణ్‌లను ఓడించారు. జనం రెండు పక్కలా చప్పట్లు కొట్టారు, ఖర్చేముంది?

సింగిల్సు అయిపోయి చేతులు కలుపుకుంటున్నప్పుడు, “గెలిచినాయనకు ఎంత ముట్టుద్ది?” అన్నాడు మా పెదనాన్న. అందరికీ కలిపి నాలుగు లక్షల డాలర్లకు పైనే పంచుతారనీ, గెలిచినవాడికి డబ్బుతోపాటు రెండువందల యాభై పాయింట్లు లెక్కలో పడతాయనీ చెప్పాను. “మొదట్లో ఓడినోడికి?” “వాడికీ ఇస్తారు.” “అయితే అందరూ జీతగాళ్ళే.” “అందరూ.” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ పొడుగు పిల్లోడు నిజంగా ఓడిపోయినాడురా. మొహం సూడు. నేనట్టా ఎన్నడూ ఓడిపోలా” అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత మెల్లగా చెప్పాడు. నలభై ఏళ్ళలో ఆయన ఓడిన ఆటలన్నీ ఓడవలసి ఓడినవే. తాసిల్దారుగారికి బంతి ముంజేతికి అందేటట్టు వేయాలి. డాక్టరుగారిని పరుగెత్తించకూడదు, గుండెజబ్బు. మునసబుగారు ఓడినరోజు మర్నాడు కోర్టులో ఎవరికి మూడిందోనని ప్లీడర్లకు భయం. ఇదంతా చూసుకొని, తేలిపోకుండా, చివరి గేములో ఓడాలి. గెలవడం కన్నా అదే కష్టమట.

“ఒక్కసారి గెలిచినా” అన్నాడు. సాగరు నీళ్ళు వదిలిన మరుసటి ఏడు సంగతి. కొత్తగా వచ్చిన చిన్న ఆఫీసరొకడు, మంచి ఆటగాడు, “ఈ దొంగాట నాకొద్దు. నిజంగా ఆడు” అన్నాడు. నిజంగానే ఆడాడు మా పెదనాన్న. ఇరవై నిమిషాల్లో సెట్టు 6–1. ఆఫీసరు వలమీదుగా చెయ్యిచ్చి, భుజం తట్టి, అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆయనకేం కోపం రాలేదు. కోపం చూస్తూ కూర్చున్న పెద్దలకు వచ్చింది. జీతగాడు ఆఫీసరును ఓడించడమేమిటి? రెండు నెలలు పనిలోకి రావద్దన్నారు. ఆ రెండు నెలలూ సాగరు కాలువ మట్టిపనికి పోయి, రోజుకూలి తెచ్చుకున్నాడు. “ఆ మట్టి కూడా మంచిదే. కోర్టుకు పనికొచ్చేదే” అన్నాడు.

సాగరు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. మరుసటి ఏడంటే 1968. నేను వాచీ చూసుకుంటున్నవాణ్ణి ఆగిపోయాను. టెన్నిసు చరిత్రలో అంతకంటె పెద్ద సంవత్సరం లేదు. అంతవరకూ లోకమంతటా మా క్లబ్బు రూలే నడిచింది. డబ్బు తీసుకొని ఆడినా, డబ్బు తీసుకొని ఆట నేర్పినా వాడు ప్రొఫెషనలు. వింబుల్డన్ గేటు వాడికి మూసుకుపోతుంది. గాన్‌జాలెస్, రోజ్‌వాల్, లేవర్ వంటి మహానుభావులు తమ మంచి వయసంతా, అమెరికా క్రామర్ వంటివారు నడిపిన పోటీలలో ఊరూరా తిరిగి ఆడవలసివచ్చింది. మన మద్రాసు రామనాథన్ కృష్ణన్‌కు 1959లో క్రామర్ మూడేళ్ళకు లక్షన్నర డాలర్లు ఇస్తానన్నాడు. కృష్ణన్ వద్దన్నాడు. తీసుకుంటే వింబుల్డనూ లేదు, దేశం తరపున డేవిస్ కప్పూ లేదు. 1960లో, 1961లో ఆయన వింబుల్డన్ సెమీఫైనలు దాకా వెళ్ళాడు. 1968లో ఆ గోడ పడిపోయింది. జీతగాళ్ళూ పెద్దమనుషులూ ఒకే పోటీలో ఆడవచ్చన్నారు. ఓపెన్ అన్న మాట అప్పుడు పుట్టిందే. నుంగంబాకం గేటు మీద ఉన్నదీ ఆ మాటే.

ఇదంతా మెట్లమీద కూచుని ఆయనకు చెప్పాను. లక్షన్నర డాలర్లు వద్దన్నాడంటే ఆయన నమ్మలేదు. “ఇంట్లో ఉన్నట్టుంది ఆయనకు” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నవాడికి వద్దనడం సాధ్యమని మాత్రమే ఆయన ఉద్దేశం.

బయటికి వస్తూ తాడు తీసుకున్నాం. పక్కన ప్రాక్టీసు కోర్టు ఒకటి ఖాళీగా ఉంది. తలుపు తీసే ఉంది. ఆయన చెప్పులు విడిచి లోపలికి రెండడుగులు వేసి, వంగి, గోటితో నేల గీరి చూశాడు. గీత పడలేదు. అరచెయ్యి ఆనించి ఉంచాడు. ఎవరో వాచ్‌మన్ ఈల వేస్తే లేచి వచ్చాడు. తాడు విప్పలేదు.

రాత్రి బండిలో పై బెర్తులో నేను, కింద ఆయన. గూడూరు దాటింది. ఇక ఉండలేక కిందికి దిగి, ఇంటర్మీడియట్ నాటి ప్రహరీగోడ సంగతి చెప్పాను. “మా ఊరివాడు అన్నాను, పెదనాన్నా. నువ్వు విన్నావో లేదో.” ఆయన దుప్పటి సర్దుకుంటూ, “ఊరివాణ్ణేగదరా. తప్పేముంది?” అన్నాడు. విన్నాడని మాత్రం నాకు అప్పుడు తెలిసింది. తరువాత తెనాలి దాకా ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

చెన్నపట్నంలో ఆ టోర్నమెంటు జరగడం అదే ఆఖరు. 2018లో అది పూనాకు తరలిపోయి మహారాష్ట్ర ఓపెన్ అయింది. 2023 ఆట తరువాత అక్కడా ఆగిపోయి, జనవరిలో ఆ వారం హాంకాంగుకు పోయింది. నుంగంబాకంలో 2022లో ఆడవాళ్ళ పోటీ ఒకటి జరిగింది గాని, మగవాళ్ళ పెద్ద పోటీ మళ్ళీ రాలేదు. పూనా పోయిందన్న వార్త చదివి వినిపిస్తే, “పోనీలేరా, పోయేముందు సూశాం” అన్నాడు.

2018 ఏప్రిల్లో, ఓపెన్ పోటీలకు యాభై ఏళ్ళు నిండాయని ఎక్కడో ఒక వ్యాసం చదివాను. 1968లో మొట్టమొదటి ఓపెన్ పోటీ ఇంగ్లండులో బోర్న్‌మత్ అనే ఊళ్ళో జరిగింది. మార్క్ కాక్స్ అనే అమెచ్యూర్ అక్కడ గాన్‌జాలెస్ అంతవాణ్ణి ఓడించాడు. ఫైనల్లో రోజ్‌వాల్ లేవర్‌ను గెలిచి వెయ్యి పౌన్లు పుచ్చుకున్నాడు. ఇంతవరకూ నాకు తెలిసిందే. తెలియనిది ఆ పోటీ పేరు. బ్రిటిష్ హార్డు కోర్టు ఛాంపియన్‌షిప్. తీరా చూస్తే ఆ కోర్టు సిమెంటుది కాదు, తారుది కాదు. ఎర్రమట్టి కోర్టు! ఇంగ్లీషువాడికి టెన్నిసు అంటే పచ్చిక. పచ్చిక కాని నేల ఏదైనా, మట్టి అయినా ఇటుక పొడి అయినా, వాడికి హార్డు కోర్టే. ఆ మాటనే వాడు తన రాకెట్టుతోపాటు మా పల్నాటికి తెచ్చి ఉంటాడు. మిగతా లోకం దానికి వేరే అర్థం ఇచ్చుకున్నా, మా పెదనాన్న నోట్లో పాత అర్థం చెడకుండా ఉంది. మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పి జీతం తీసుకునే నేను, ఆ మాట చెప్పినవాణ్ణి ఇరవై ఏళ్ళు దిద్దుతూ వచ్చాను.

ఆ ఆదివారమే మా ఊరు వెళ్ళాను. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి, తాలుకాయ ఏరుతున్నాడు. ఘాటుకు నాకు తుమ్ములు. తుమ్ముల మధ్యే బోర్న్‌మత్ సంగతీ, ఎర్రమట్టి సంగతీ, ఆ పోటీ పేరూ అంతా చెప్పాను. ఆయన తాలుకాయ ఏరడం ఆపలేదు.

“మరి నే జెప్పలా?” అన్నాడు. “ఆ పట్టా అంచు ఇటు లాగు. గాలొస్తంది.”